మూలకణం ఎవరి సొత్తు?

శాస్త్రజ్ఞుణ్ణి గురించి మన పత్రికల్లో వచ్చే వ్యాసాలకు ఒక మూస ఏర్పడిపోయింది. ఆయన ఎక్కడో విదేశంలో ఉంటాడు. పట్టుదల గల మనిషి. రాత్రింబగళ్లు సూక్ష్మదర్శినికి కన్ను ఆనించి కూర్చుని, ఒకనాడు మూలకణమనే సంజీవినిని కనిపెడతాడు. ఏళ్ల తరబడి చక్రాల కుర్చీలో ఉన్న రోగి లేచి నడుస్తాడు. వ్యాసం పూర్తయింది. ఆ సంజీవిని ఏ కొండ మీద మొలిచింది, ఆ కొండ ఎవరి పట్టాలో ఉంది, మోసుకొచ్చినవాడికి కూలి ఎవరిచ్చారు, పుచ్చుకున్నవాడు ఎంత చెల్లించాడు - ఈ ప్రశ్నలు వ్యాసకర్తకు తోచవు. తోచినా, అవి సైన్సు కావని వదిలేస్తాడు.

దీనికి విరుగుడుగా మన అభ్యుదయ శిబిరంలోనే మరొక మూస తయారవుతున్నది. ఆధునిక వైద్యమంతా కంపెనీల పన్నుగడ అట. మూలకణాలూ గీలకణాలూ అన్నీ డబ్బు గుంజే ఎత్తులట. ఈ మాట అన్నవాడు తాను మహా విప్లవకరమైన మాట అన్నాననుకుంటాడు. నా దృష్టిలో ఈ రెండు వాదాలూ ఒక తల్లి బిడ్డలే. ఇద్దరూ ప్రయోగశాల గుమ్మం ముందే ఆగిపోతారు. ఒకడు నిలబడి దణ్ణం పెడతాడు, రెండోవాడు నిలబడి రాయి విసురుతాడు. లోపల ఏం జరుగుతున్నదో ఇద్దరికీ అక్కరలేదు.

మనకు అక్కర ఉంది. అందుకోసం మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే వ్యాధినీ, దాని మీద మూలకణాలతో పనిచేస్తున్న పరిశోధకులనూ తీసుకుని మాట్లాడతాను. నేను వైద్యుణ్ణి కాను. ముప్పయ్యేళ్లుగా కళాశాలలో జంతుశాస్త్రం చెప్పుకుంటున్నవాణ్ణి. నాడీకణం బొమ్మ నల్లబల్ల మీద కొన్ని వందలసార్లు గీసి ఉంటాను. ఆ బొమ్మలో పొడుగాటి తంతువు చుట్టూ పూసలపేరులాగా ఒక తొడుగు గీస్తాము. దాని పేరు మైలిన్. విద్యార్థులు దాన్ని వల్లెవేసి రెండు మార్కులు తెచ్చుకుంటారు. ఆ రెండు మార్కుల తొడుగు ఊడిపోతే మనిషి ఏమవుతాడో మాత్రం పాఠ్యపుస్తకం చెప్పదు.

ఏమవుతాడంటే, ఒకనాడు ఒక కంటిచూపు మసకబారుతుంది. కొన్ని వారాలకు తేరుకుంటుంది. తరవాత ఎప్పుడో కాళ్లు తిమ్మిరెక్కుతాయి. మెట్లెక్కుతుంటే తూలు వస్తుంది. మూత్రం ఆపుకోవడం కష్టమవుతుంది. నిద్రపోయి లేచినా తీరని అలసట ఉంటుంది. మన రక్తంలో ఉండి సూక్ష్మజీవులతో పోరాడవలసిన తెల్లకణాలు మెదడులోకీ వెన్నుపాములోకీ చొరబడి, శరీరం తన కోసం తాను అల్లుకున్న మైలిన్‌నే కొరికివేస్తాయి. కాపలాకు పెట్టుకున్న కుక్క ఇంటివాళ్లనే కరవడం లాంటిది. తొడుగు పోయిన చోట సంకేతం మందగిస్తుంది, తడబడుతుంది, కొన్నాళ్లకు తంతువే చచ్చిపోతుంది. ఎక్కువగా ఇరవైకీ నలభైకీ మధ్య వయసులో, అంటే మనిషి సంపాదించి ఇల్లు నిలబెట్టుకునే వయసులో, పట్టుకుంటుంది. మగవాళ్లకంటె ఆడవాళ్లకే హెచ్చు. ప్రపంచంలో ఈ రోగులు 29 లక్షల మంది అని 2023లో లెక్క తేలింది. మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం దీన్ని వైకల్యాల జాబితాలో చేర్చింది. దీన్ని ప్రత్యేకమైన జబ్బుగా 1868లో వర్ణించి చెప్పినవాడు పారిస్‌లోని షార్కో. ఆయన పనిచేసింది సాల్పెట్రియేర్ ఆస్పత్రిలో. పేద ఆడవాళ్లనూ, దిక్కులేని ముసలమ్మలనూ చేర్చే చోటు అది. వైద్యశాస్త్రం ఈ వ్యాధిని గుర్తుపట్టింది వాళ్ల శరీరాల మీదనే. ఈ సంగతి గుర్తుంచుకోవలసింది.

ఇక మూలకణం. ఈ ఒక్క మాట కింద రెండు వేరువేరు సంగతులు ఉన్నాయి. వ్యాపారులు వాటిని కావాలనే కలిపి చెబుతారు గనక మనం విడదీసి చెప్పుకోవాలి.

ఒకటి ఎముకల మూలుగలో ఉండి రక్తాన్ని పుట్టించే మూలకణం. రోగి శరీరంలోంచే దీన్ని తీసి భద్రపరుస్తారు. ఆ పైన గట్టి మందులు ఎక్కించి దారితప్పిన రోగనిరోధక వ్యవస్థను దాదాపు తుడిచిపెడతారు. దాచిన కణాలను మళ్లీ రక్తంలోకి ఎక్కిస్తారు. వాటి నుంచి కొత్త వ్యవస్థ మొలుస్తుంది. కొత్తది పాత పగ మరిచిపోతుందని ఆశ. ఇక్కడ మూలకణం మెదడును బాగుచెయ్యదు. కొరికేవాళ్లను మార్చుతుంది, అంతే.

రెండోది మెదడులోనే ఉండే పూర్వకణం. మైలిన్ అల్లే కణాలకు ఇది తల్లికణం. తొడుగు ఊడిన చోటికి పోయి మళ్లీ అల్లే శక్తి దీనికి పుట్టుకతోనే ఉంది. కాని వయసు పైబడేకొద్దీ ఇది బద్ధకిస్తుంది. దీన్ని మేల్కొల్పడం ఎలాగన్నది ఒక పరిశోధన. బయట పెంచిన నాడీ మూలకణాలను మెదడులోకి పంపడం మరొకటి. మిలాన్ నగరంలో మార్టినో, ప్లుకీనో బృందం 2003లో ఎలుకల మీద ఈ పని చేసి చూపింది. రెండేళ్ల తరవాత వాళ్లే మరొక సంగతి బయటపెట్టారు: ఎక్కించిన కణాల మేలు ప్రధానంగా కొత్త మైలిన్ అల్లడం వల్ల కాదు, చుట్టూ ఉన్న మంటను చల్లార్చడం వల్ల. తాము మొదట ఊహించినదానికి భిన్నమైన ఫలితాన్ని తామే అచ్చువేయించుకున్నారు. మూస వ్యాసంలోని మహర్షి ఇలా చెయ్యడు. నిజమైన పరిశోధకుడు చేస్తాడు. ఎలుకల నుంచి మనుషుల దాకా రావడానికి ఇరవై ఏళ్లు పట్టింది. 2023లో ఇటలీ నుంచి రెండు ప్రయోగాల ఫలితాలు వచ్చాయి. ఒకదానిలో 12 మంది, రెండోదానిలో 15 మంది రోగులు. తేలిన ప్రధాన విషయం ఈ పద్ధతిని మనిషి తట్టుకోగలడని మాత్రమే. జబ్బు నయమైందని వాళ్లెవరూ అనలేదు.

పన్నెండు మంది, పదిహేను మంది! ఈ అంకెలు మీ చెవిలో ఉంచుకోండి, తరవాత పనికివస్తాయి.

ముందు మొదటి పద్ధతి సంగతి చూద్దాం. కెనడాలో ఫ్రీడ్‌మన్, అట్కిన్స్ అనే ఇద్దరు వైద్యులు వ్యాధి ఉద్ధృతంగా ఉన్న 24 మందికి మూలుగ కణాల మార్పిడి చేశారు. 2016లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. ఒకరు చికిత్స వల్లనే చనిపోయారు. ఇది దాచవలసిన విషయం కాదు, వాళ్లు దాచలేదు. మిగిలిన 23 మందికి ఏ మందూ లేకుండా వ్యాధి దాడులు పూర్తిగా నిలిచిపోయాయి. 2019లో షికాగోకు చెందిన బర్ట్ బృందం నాలుగు దేశాల్లో చేసిన ప్రయోగం వెలువడింది. 110 మందిని రెండు సమభాగాలు చేసి ఒక భాగానికి మార్పిడి, రెండో భాగానికి మామూలు మందులు ఇచ్చారు. వ్యాధి ముదిరినవాళ్లు మార్పిడి జట్టులో ముగ్గురు, మందుల జట్టులో 34 మంది. ఆ ప్రయోగంలో కొన్ని బలమైన కొత్త మందులను పోటీకి పెట్టలేదన్న విమర్శ ఉంది. అది న్యాయమైన విమర్శే. అందుకనే అమెరికాలో, బ్రిటన్‌లో, నార్వేలో, ఇటలీలో ఆ మందులతోనే పోల్చి చూసే ప్రయోగాలు మొదలుపెట్టారు.

మూలుగ మార్పిడిని ఈ వ్యాధికి వాడడం 1990ల నడుమనే మొదలైంది. బలమైన మందులతో సరిపోల్చే పెద్ద ప్రయోగాలకు మరి పాతికేళ్లు ఎందుకు పట్టింది?

ప్రాణభయం ఉన్న చికిత్స గనక జాగ్రత్త పడ్డారంటారు. అది కొంత నిజం. మిగతా నిజం ఖాతా పుస్తకాల్లో ఉంది. ఈ చికిత్సలో అమ్ముకోవడానికి ఏముంది? కణాలు రోగివే. వాడే మందుల్లో ముఖ్యమైన సైక్లోఫాస్ఫమైడ్ 1959లోనే అమెరికాలో అనుమతి పొందిన పాతకాలపు మందు. పైగా ఇది ఒక్కసారి చేసి ముగించే చికిత్స. పేటెంటు లేదు, నెలనెలా చీటీ లేదు. పెట్టుబడిదారు లెక్కలో ఇది చికిత్స కాదు, ఖాతాదారుణ్ణి పోగొట్టుకోవడం. అందుకే పైన చెప్పిన ప్రయోగాలు ఎక్కువగా ప్రజాధనంతోనో, రోగుల సంఘాల చందాలతోనో, ఆస్పత్రుల పూనికతోనో నడిచాయి.

దీని పక్కన ఒక మందు చరిత్ర పెట్టి చూడండి. గ్లాటిరమర్ అనే ఇంజెక్షను ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో పుట్టింది. టెవా కంపెనీ కోపాక్సోన్ పేరుతో అమ్మింది. అమెరికా ప్రతినిధుల సభ సంఘం 2020లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 1997లో ఏడాదికి 10,000 డాలర్ల లోపున్న దాని ధరను 27 సార్లు పెంచి 70,000 దగ్గరకు తెచ్చారు. మందు మారలేదు.  మారింది రోగి నిస్సహాయతకు కట్టిన వెల. పేటెంటు పద్ధతిని దుర్వినియోగం చేసినందుకూ, పోటీ మందు మీద దుష్ప్రచారం చేసినందుకూ ఐరోపా కమిషన్ 2024లో ఆ కంపెనీకి 46 కోట్ల యూరోలకు పైగా జరిమానా వేసింది. ఇది నేను చెబుతున్న మాట కాదు, పెట్టుబడిదారీ దేశాల సంస్థలే చెప్పిన మాట. మన మిత్రులు కొందరు "ఇదంతా వామపక్షాల అతిశయోక్తి" అంటారు గనక చెప్పవలసివచ్చింది.

ఇక రెండో పరిశోధన, మెదడులో నిద్రపోయే పూర్వకణాన్ని లేపడం. ఈ రంగంలో ముందుగా చెప్పుకోవలసినవాడు కేంబ్రిడ్జిలో పనిచేసిన రాబిన్ ఫ్రాంక్లిన్. చదువురీత్యా పశువైద్యుడు. ఆయనా, అమెరికాలోని సహచరులూ 2012లో ఒక వింత ప్రయోగం ప్రకటించారు. ముసలి చిట్టెలుకనూ పడుచు చిట్టెలుకనూ రక్తప్రసరణ కలిసేటట్టు జతచేశారు. పడుచుదాని రక్తకణాలు అందిన ముసలి ఎలుక మైలిన్‌ను చురుగ్గా అల్లుకోసాగింది. (యువకుల రక్తంతో ముసలివాళ్లు బతకడం మన సమాజంలో కొత్త ఆవిష్కరణ ఏమీ కాదు, ప్రయోగశాలకు ఇప్పుడు తెలిసింది.) 2019లో ఆయన బృందం ఇంకొక మెట్టు ఎక్కింది. ముసలి ఎలుకల్లో బద్ధకించిన పూర్వకణాలు మెట్‌ఫార్మిన్ ఇస్తే మళ్లీ పనికి వంగాయి. మెట్‌ఫార్మిన్ అంటే ఏమిటో తెలుగువాళ్లకు చెప్పనక్కరలేదు. చక్కెర వ్యాధి ఉన్న ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. రూపాయల్లో దొరికే మాత్ర.

అమెరికాలో జోనా చాన్ బృందం ఇదే దారిలో క్లెమాస్టిన్ అనే పాత ఎలర్జీ మాత్రను పట్టుకుంది. 2017లో 50 మంది మీద ప్రయోగం ఫలితాలు వచ్చాయి. చూపునాడిలో సంకేతం కొద్దిగా వేగం పుంజుకుంది. తరవాత మరొక చిన్న ప్రయోగంలో కొందరికి వ్యాధి ముదిరి ఆపవలసివచ్చింది. బ్రిటన్‌లో రోగుల సంఘం నిధులతో ఈ రెండు మాత్రలనూ కలిపి 70 మంది మీద పరీక్షించారు. 2025లో బయటపెట్టిన ఫలితంలో నాడి వేగం నిలదొక్కుకున్న జాడ కనిపించింది, రోగి నడకలోనో చూపులోనో అనుభవానికి వచ్చేంత తేడా మాత్రం కనిపించలేదు. ఆశా ఉంది, ప్రమాదమూ ఉంది. అటువంటప్పుడు చెయ్యవలసింది ఏమిటి? వేలమంది మీద, ఏళ్ల తరబడి, జాగ్రత్తగా పరీక్షించడం. అంత డబ్బు ఎవరు పెడతారు? రూపాయి మాత్రను నిరూపించి పెట్టినందుకు ఏ కంపెనీకి లాభం? యాభై మంది, డెబ్బై మంది, ఇందాకటి పన్నెండు, పదిహేను - ఈ అంకెలు చిన్నవి కావడానికి శాస్త్రం చిన్నది కావడం కారణం కాదు.

ఫ్రాంక్లిన్ కథలో మరొక మలుపు ఉంది. 2022లో ఆయన విశ్వవిద్యాలయం నుంచి ఆల్టోస్ ల్యాబ్స్ అనే ప్రైవేటు సంస్థకు వెళ్లారు. కణాలకు యౌవనం తిరిగి తెప్పించడం ఆ సంస్థ లక్ష్యం. ఆ ఏడాదే అది 300 కోట్ల డాలర్ల మూలధనంతో ప్రారంభమయింది. ఆయన నిర్ణయాన్ని నేను తప్పుపట్టడం లేదు. పరిశోధకుడికి పరికరాలు కావాలి, సహాయకులు కావాలి, రెండేళ్లకోసారి గ్రాంటు దరఖాస్తు పట్టుకుని తిరగకుండా ఉండే వెసులుబాటు కావాలి. అవి ఎక్కడ దొరికితే అక్కడికి పోతాడు. కమ్మరి కొలిమి ఉన్న చోటికే పోతాడు గదా. నా అభ్యంతరం కొలిమి యజమాని గురించి. రోగుల సంఘం చందాలు వేసి, విశ్వవిద్యాలయం జీతమిచ్చి, ప్రజలు పన్నులు కట్టి ముప్పయ్యేళ్లు పెంచిన విద్య, ముసలితనాన్ని జయించదలచిన సంపన్నుల వాకిట్లోకి చేరింది. అక్కడ మైలిన్ ముందా, ధనవంతుల ముడతలు ముందా అన్నది ఎవరు నిర్ణయిస్తారు? చందా వేసిన రోగికి అక్కడ ఓటు లేదు.

ఇదే కొరత మన దేశంలో మరొక రూపంలో కనిపిస్తుంది. పరిశోధన నెమ్మదిగా నడిచే చోట దళారి పరుగెత్తుకు వస్తాడు. నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయికి ఈ జబ్బు వచ్చింది. బడిపంతులు ఉద్యోగం. ఒక మహానగరంలో ఒక ప్రైవేటు ఆస్పత్రివాళ్లు మూలకణాలు ఎక్కిస్తే లేచి నడుస్తావన్నారు. ఏ మూలకణాలు, ఎక్కడివి, ఎన్ని, ఏ ప్రయోగం ఆధారంగా - కాగితం మీద ఒక్క ముక్క లేదు. ఆమె తండ్రి ఎకరంన్నర పొలం అమ్మాడు. నాలుగు సూదులు పొడిచారు. ఆరునెలల తరవాత ఆమె కర్ర లేకుండా నడవలేకపోయింది. నన్ను చూడటానికి వచ్చి, "మాష్టారూ, పేపర్లో రాశారు గదండీ, ఎవరో లేచి నడిచారని" అన్నది. ఆ పేపరు కోత ఆమె సంచీలోనే ఉంది. నేను చదివాను. అక్షరాలా ఈ వ్యాసం మొదట్లో చెప్పిన మూస.

మన ప్రభుత్వం దీన్ని ఎరగకపోలేదు. భారత వైద్య పరిశోధన మండలి, జీవసాంకేతిక శాఖ కలిసి 2017లో ప్రకటించిన మార్గదర్శక సూత్రాల ప్రకారం, రక్తసంబంధమైన వ్యాధులకు చేసే మూలుగ మార్పిడి వంటి కొద్ది చికిత్సలు తప్ప తక్కిన మూలకణ ప్రయోగమంతా పరిశోధన కిందే లెక్క. అనుమతి పొందిన ప్రయోగంలో తప్ప రోగికి ఇవ్వకూడదు. రోగి దగ్గర డబ్బు పుచ్చుకోకూడదు. చాలా మంచి మాటలు. పొలం అమ్మిన తండ్రికి ఆ పుస్తకం ఎవరు చదివి వినిపించారు?

ఇప్పుడు మన రెండో రకం మిత్రుడు లేచి, "చూశారా, నేను చెప్పలేదా, అంతా మోసమే!" అంటాడు. కాదు నాయనా. హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్యసంస్థలో ఈ శతాబ్దం మొదట్నుంచీ కంటి అంచులోని మూలకణాలను పెంచి, రసాయనాలు పడి కాలిపోయిన కళ్లకు చూపు తెప్పిస్తున్నారు. మూలకణం అబద్ధం కాదు. అబద్ధమాడుతున్నది దాన్ని అమ్మేవాడు. ఈ తేడా చెప్పలేని విమర్శ ఎంత ఎర్రగా కనిపించినా రోగిని మళ్లీ తాయెత్తుల దగ్గరకే తోలుతుంది. దోపిడీదారు చేతిలో ఉన్నదని నాగలిని తిట్టిన రైతు లేడు. భూమి అడిగాడు, నాగలినీ అడిగాడు.

మరి అడగవలసింది ఏమిటి? ఒక ఉదాహరణతో చెబుతాను. రిటుక్సిమాబ్ అనే మందు ఈ వ్యాధిలో మెదడు మచ్చలను బాగా తగ్గిస్తుందని 2008లోనే అమెరికాలో 104 మంది మీద ప్రయోగం తేల్చింది. మందు సొంతదారు రోష్ కంపెనీ దాన్ని ఈ వ్యాధికి ముందుకు తీసుకుపోలేదు. దానికి దగ్గరి బంధువైన, పేటెంటు గడువు ఇంకా చాలా ఉన్న ఒక్రెలిజుమాబ్‌ను తయారుచేసి 2017లో ఏడాదికి 65,000 డాలర్ల ధర పెట్టింది. స్వీడన్ వైద్యులు మాత్రం పాత రిటుక్సిమాబ్‌నే వాడుతూ వచ్చారు. ప్రజాధనంతో తామే ప్రయోగం చేసి 2022లో ఫలితం చూపారు. వ్యాధి తిరగబెట్టినవాళ్లు వారి మందుతో 3 శాతం, పోల్చిన మందుతో 16 శాతం. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో మొట్టమొదటిసారి ఈ వ్యాధికి మందులు చేర్చింది. మూడింటిని చేర్చింది: క్లాడ్రిబిన్, గ్లాటిరమర్, రిటుక్సిమాబ్.

ఈ మూడింటిలో రెండు మన హైదరాబాదు కంపెనీలకు తెలిసిన విద్యే. రిటుక్సిమాబ్‌ను డాక్టర్ రెడ్డీస్ 2007లోనే ఇక్కడ తయారుచేసి అమ్మకానికి తెచ్చింది. 27 సార్లు ధర పెరిగిన ఆ గ్లాటిరమర్‌కు బదులు మందును నాట్కో తయారుచేస్తే 2017లో అమెరికా అనుమతించింది. చేసే చేతులు మనవే. కణాల సంగతి తెలిసిన ప్రయోగశాలలు తార్నాకలో ఉన్నాయి. రోగులు ప్రభుత్వాసుపత్రుల వరండాల్లో ఉన్నారు. ఈ మూడింటినీ కలిపే ప్రయోగానికి కంపెనీ డబ్బు పెట్టదు, పెట్టదని పైన చూశాం. స్వీడన్‌లో పెట్టినట్టు ఇక్కడ ప్రభుత్వం పెట్టాలి. మార్పిడి చికిత్సకూ, చవక మాత్రల ప్రయోగాలకూ, హైదరాబాదు రిటుక్సిమాబ్‌కూ కూడా. వ్యాపారం చెయ్యవద్దని సూత్రాలు రాసిన మండలే ఆ ప్రయోగాలకు నిధి కూడా రాయాలి.

వచ్చే మహాసభలో శాంతి మీదా, మాతృభాషలో బోధన మీదా తీర్మానాలు ఎటూ ఉంటాయి. వాటి పక్కన ఈ విషయానికి ఒక పేరా చోటు ఇవ్వవలసిందని కార్యవర్గాన్ని కోరుతున్నాను. ముసాయిదా నేను రాసి పంపుతాను.